పాత ఓమ్ని మొరాయిస్తే...

తెలుగు సినిమాలో కథానాయికను ఎత్తుకుపోవాలంటే రౌడీలకు ఒకప్పుడు ఒకటే బండి. సర్రున వచ్చి ఆగుతుంది. పక్క తలుపు జర్రున జారుతుంది. క్షణంలో అంతా మాయం! తెర మీద అంత చెడ్డపేరు మూటగట్టుకున్న ఆ వ్యాను, తెర బయట మాత్రం పరమ సాధువు. పిల్లల్ని బడి దగ్గర దింపింది. సారె సామాను మోసింది. తెల్లారకముందే కూరగాయల బస్తాలను రైతుబజారుకు చేర్చింది. ఇంటిల్లిపాదినీ తిరుపతి తీసుకెళ్లి తీసుకొచ్చింది.

అదే మారుతీ ఓమ్ని. 1984లో ‘మారుతీ వ్యాన్’ పేరుతో రోడ్డెక్కి, 1988లో ఓమ్నిగా పేరు మార్చుకుంది. ముందు సీట్ల కింద మూడు సిలిండర్ల 796 సీసీ ఇంజిన్, వెనక చక్రాలకు శక్తినందించే పొడవాటి షాఫ్టు, జారే తలుపులు... ఇంతే దాని సంసారం. 2019లో తయారీ ఆగిపోయింది. అంటే ఇవాళ రోడ్డు మీద కనిపించే ప్రతి ఓమ్నీ పాత బండే!

పాత బండి అన్నాక మొరాయించడం మామూలే. అసలు చిక్కు అది కాదు. ‘బ్యాటరీ పోయింది, మార్చేయండి’ అంటాడొకాయన. మారుస్తారు. నాలుగు రోజులకు మళ్లీ అదే కథ. ‘సెల్ఫ్ మోటారు పోయింది’ అంటాడింకొకాయన. అదీ మారుస్తారు. ఆఖరికి ఎవరో అనుభవజ్ఞుడు వచ్చి, తుప్పుపట్టిన ఎర్తు వైరు విప్పి, గీకి, బిగిస్తాడు. బండి ఠక్కున అందుకుంటుంది. ఖర్చు... ఒక టీ! ఈలోగా వేలకు వేలు పోయాయి. అందుకే పాత బండి ఉన్న ఇంటివాళ్లు గుర్తుపెట్టుకోవాల్సిన సూత్రం ఒక్కటే: సామాను మార్చేముందు కారణం పట్టుకోవాలి. తేలికైనది, చవకైనది ముందు చూడాలి. ఖరీదైనది ఆఖర్న చూడాలి. దీనికి మినహాయింపులు రెండే. బ్రేకులు, పెట్రోలు వాసన. ఆ రెంటి విషయంలో ఖర్చు లెక్క చూడకూడదు.

మెకానిక్కు చెప్పాల్సిన మూడు మాటలు

డాక్టరు దగ్గరికెళ్లి ‘ఒంట్లో బాగోలేదు’ అంటే సరిపోదు. నొప్పి ఎక్కడ, ఎప్పటినుంచి, ఏం తిన్నాక... చెప్పాలి. మెకానిక్కు దగ్గరా అంతే. ‘బండి బాగోలేదు’ అనడానికి బదులు మూడు సంగతులు గమనించి చెబితే సగం పని అయిపోయినట్టే.

ఒకటి, ఎప్పుడు? పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడా, గంట నడిచి వేడెక్కాకా? వాన పడిన మర్నాడా? రెండు, ఎలా? చప్పుడు చక్రంతోపాటు పెరుగుతోందా, ఇంజిన్‌తోపాటు పెరుగుతోందా? న్యూట్రల్‌లో పెట్టి ఎక్సలేటర్ తొక్కితే చప్పుడు వస్తే అది ఇంజిన్‌ది. బండి కదిలితేనే వస్తే చక్రాలు, షాఫ్టు, క్రౌన్ వైపు చూడాలి. మూడు, ఈమధ్య ఏం మారింది? కొత్త పాటల పెట్టె బిగించారా, సర్వీసింగ్ చేయించారా, పెట్రోలు బంకు మార్చారా? చాలా జబ్బులు కిందటిసారి చెయ్యి పెట్టిన చోటే మొదలవుతాయి.

తాళం తిప్పితే పలకకపోతే...

సెల్ఫ్ కొడితే ఉలుకూ పలుకూ లేదు. అప్పుడు చేయాల్సిన మొదటి పని హెడ్‌లైట్లు వేసి, మళ్లీ తాళం తిప్పడం. ఎదురుగా గోడ ఉంటే వెలుగు చక్కగా తెలుస్తుంది.

లైట్లు అసలు వెలగకపోయినా, తాళం తిప్పగానే గుడ్డిదీపాల్లా అయిపోయినా... బ్యాటరీలో బలం లేదు, లేదంటే దాని టెర్మినళ్ల దగ్గర పట్టు లేదు. ముందు రెండోదే చూడాలి. టెర్మినళ్ల మీద తెల్లగానో, పచ్చగానో పిండిలా పేరుకుంటే కరెంటు దాటదు. శుభ్రం చేసేటప్పుడు నెగటివ్ వైరు ముందు విప్పాలి. బిగించేటప్పుడు దాన్నే ఆఖర్న బిగించాలి. ఈ వరస తప్పితే పానా బాడీకి తగిలి నిప్పురవ్వలు లేస్తాయి. గోరువెచ్చని నీళ్లలో కాస్త వంటసోడా కలిపి బ్రష్షుతో రుద్దితే ఆ పిండి పొంగి కరిగిపోతుంది. సోడా నీళ్లు బ్యాటరీ రంధ్రాల్లోకి పోకుండా మూతలు బిగించి ఉంచాలి. ఆరాక బిగించి, పైన కాస్త వ్యాజిలిన్ రాస్తే మళ్లీ త్వరగా పట్టదు. దగ్గర్లో బీడీ, సిగరెట్టు, అగ్గిపుల్ల ఉండకూడదు. బ్యాటరీలోంచి వచ్చే హైడ్రోజన్ వాయువుకు రవ్వ చాలు.

లైట్లు కాంతిగానే ఉండి, ‘టిక్’మని ఒక్క చప్పుడే వచ్చి ఊరుకుంటే బ్యాటరీని తప్పుపట్టకూడదు. సెల్ఫ్ మోటారు మీదుండే సాలినాయిడ్, లోపలి కార్బన్ బ్రష్షులు, లేదా సెల్ఫ్‌కు వచ్చే లావు వైరు అనుమానితులు. బ్రష్షులు అరిగితే సెల్ఫ్-డైనమో పనిచేసే దుకాణంలో అవి మార్చి ఇస్తారు. మోటారు మొత్తం కొనాల్సిన అవసరం చాలాసార్లు రాదు.

ఇంట్లో ఓ చిన్న మల్టీమీటరు ఉంటే తగువే లేదు. రాత్రంతా ఆగి ఉన్న బండి బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర చూపిస్తే నిండుగా ఉన్నట్టు. 12.2 అంటే సుమారు సగం. 12 కన్నా తక్కువైతే ఖాళీ అయినట్టే. ఇంజిన్ నడుస్తుండగా అదే బ్యాటరీ మీద 13.8 నుంచి 14.5 మధ్య చూపించాలి. నడుస్తున్నా 12 దగ్గరే తచ్చాడుతుంటే డైనమో ఛార్జింగ్ ఇవ్వడం లేదని అర్థం. అలాంటప్పుడు కొత్త బ్యాటరీ కొన్నా అది రెండు రోజుల ముచ్చటే. డైనమోను విప్పేముందు బెల్టు వదులైందేమో చూడాలి. లైట్లు వేయగానే కీచుమంటే బెల్టే దొంగ.

సెల్ఫ్ తిరుగుతోంది... ఇంజిన్ అందుకోదు

సెల్ఫ్ హుషారుగా తిరుగుతోంది కానీ ఇంజిన్ అంటుకోవడం లేదు. అంటే పెట్రోలు అందడం లేదు, లేదా నిప్పురవ్వ పడటం లేదు. ముందు ట్యాంకులో పెట్రోలుందో లేదో చూసుకోవాలి. నవ్వులాట కాదు. పాత బళ్లలో పెట్రోలు ముల్లు అబద్ధాలాడటం మామూలు.

ఓమ్నిలో రెండు తరాలున్నాయి. తొలి తరం కార్బురేటర్‌ది, తర్వాతిది ఎంపీఎఫ్ఐ. ఎంపీఎఫ్ఐ బండిలో తాళం ‘ఆన్’ చేయగానే ట్యాంకు వైపు నుంచి రెండు క్షణాలపాటు ‘జ్‌జ్’మని సన్నటి చప్పుడు వినిపించాలి. అది పెట్రోలు పంపుది. వినిపించకపోతే పంపుకన్నా ముందు దాని ఫ్యూజు, రిలే చూడాలి. ఫ్యూజు ఖరీదుకూ పంపు ఖరీదుకూ ఎంత తేడానో చెప్పక్కర్లేదు.

కార్బురేటర్ బండికి ఎండాకాలంలో ఓ ప్రత్యేకమైన జబ్బుంది. రెంటచింతల ఎండలో గంట నడిపి, పావుగంట ఆపి, మళ్లీ తీద్దామంటే కదలదు. అరగంటాగితే ఏమీ ఎరగనట్టు అందుకుంటుంది. సీట్ల కింద ఇరుక్కున్న ఇంజిన్ వేడికి గొట్టంలోని పెట్రోలు ఆవిరై, ఆ ఆవిరి బుడగ దారికి అడ్డం పడటమే కారణం. దానికి మందు ఓపికే. బండిని నీడలో పెట్టి, తలుపులు తెరిచి, ముందు సీటు ఎత్తి గాలి ఆడనివ్వాలి. ఊరికే సెల్ఫ్ కొడుతూ పోతే బ్యాటరీ కూడా పడుకుంటుంది.

వాన రోజున మొరాయిస్తే ప్లగ్గు వైర్లు, డిస్ట్రిబ్యూటర్ మూత చూడాలి. మూతకు పగులుంటే చెమ్మ చేరి రవ్వ దారి తప్పుతుంది. పొడిగుడ్డతో తుడిస్తే ఆ పూటకు గడుస్తుంది. పగిలిన మూతను మాత్రం మార్చాల్సిందే.

సెల్ఫ్ ఎప్పటికన్నా తేలిగ్గా, మరీ వేగంగా తిరుగుతూ ఇంజిన్ అందుకోకపోతే టైమింగ్ బెల్టు తెగిందేమో అనుమానించాలి. సెల్ఫ్ కొట్టడం అక్కడితో ఆపి మెకానిక్కును పిలవాలి. బండి చేతులు మారి, బెల్టు ఎప్పుడు మార్చారో తెలియకపోతే ముందే మార్పించుకోవడం మేలు. తెగేది ఎలాగూ ఊరి బయటే తెగుతుంది!

మూడింట ఒకటి పడిపోతే...

బండి ఆగినచోట ఊగిపోతుంటే, చిన్న ఎత్తు ఎక్కడానికే రొప్పుతుంటే ఒక సిలిండరు పనిచేయడం లేదని అర్థం. నాలుగు సిలిండర్ల కారులో ఒకటి పోతే నాలుగో వంతు పోయినట్టు. ఓమ్నిలో ఉన్నవే మూడు, కాబట్టి మూడో వంతు బలం పోతుంది. ముందు ప్లగ్గులు విప్పించి చూడాలి. ప్లగ్గు మొన లేత గోధుమ రంగులో ఉంటే ఆరోగ్యం. పొడి మసి పట్టి నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువ పోతోంది, లేదా ఎయిర్ ఫిల్టరు మూసుకుపోయింది. నూనెతో తడిగా ఉంటే ఇంజిన్ ఆయిలు పైకి ఎక్కుతోంది. తెల్లగా కాలినట్టుంటే పెట్రోలు తక్కువ, వేడి ఎక్కువ.

పొగ రంగు కూడా ఇలాంటి చాడీలే చెబుతుంది. నల్లపొగ అంటే పెట్రోలు వృథా. నీలిపొగ అంటే ఆయిలు మండుతోంది, రింగులో వాల్వు సీళ్లో అరిగాయి. చలికాలం పొద్దున కాసేపు వచ్చే తెల్లటి ఆవిరితో భయం లేదు. ఇంజిన్ వేడెక్కాక కూడా దట్టంగా తెల్లపొగ వస్తూ, రేడియేటరులో నీళ్లు తగ్గిపోతూ, ఆయిలు పుల్ల మీద పాలు కలిపిన టీ రంగు కనిపిస్తే... హెడ్ గాస్కెట్ పోయి నీళ్లు, ఆయిలు కలుస్తున్నాయన్నమాట. అలా ఒక్క కిలోమీటరు నడిపినా ఖర్చు రెండింతలు కావచ్చు.

రాత్రికి రాత్రి బ్యాటరీ ఖాళీ

పగలంతా బాగానే తిరిగింది. పొద్దున్నే చూస్తే బ్యాటరీ డౌన్. డైనమో బాగుంది, బ్యాటరీ కొత్తది. మరి కరెంటు ఎవరు తాగినట్టు? ఆగి ఉన్న బండిలోనూ ఏదో ఒకటి కరెంటు పీలుస్తూనే ఉంటుంది. అది ఎంతన్నదే ప్రశ్న. నెగటివ్ టెర్మినల్ విప్పి, ఆ వైరుకూ బ్యాటరీకీ మధ్య మల్టీమీటరును ఆంపియర్లలో పెట్టి చూస్తే తెలుస్తుంది. 50 మిల్లీ ఆంపియర్లలోపుంటే పర్వాలేదు. అంతకు ఎన్నో రెట్లుంటే ఫ్యూజులను ఒక్కొక్కటిగా పీకుతూ పోవాలి. ఏది పీకినప్పుడు అంకె టక్కున పడిపోతుందో ఆ దారిలోనే దొంగ ఉన్నాడు. చాలాసార్లు ఆ దొంగ తర్వాత బిగించిన పాటల పెట్టో, అలారమో, తలుపు సరిగా పడక వెలుగుతూనే ఉన్న లోపలి దీపమో అయి ఉంటుంది. జారే తలుపు చక్రాలు అరిగిన ఓమ్నిలో తలుపు పూర్తిగా పడకపోవడం అందరికీ తెలిసిన కథే. ఈ పరీక్ష చేసేటప్పుడు మాత్రం తాళం తిప్పకూడదు. మల్టీమీటరు కాలిపోతుంది.

ఇండికేటర్ వేస్తే మరో లైటు కూడా మిణుకుమంటుంటే, బ్రేకు తొక్కితే వెనక లైట్లన్నీ మసకబారుతుంటే ఎర్తు పోయిందని అర్థం. బల్బు హోల్డరు నుంచి బాడీకి వెళ్లే వైరు చివర రంగునూ తుప్పునూ గీకి, ఇనుముకు ఇనుము తగిలేలా బిగిస్తే చాలు.

ఫ్యూజు అబద్ధం చెప్పదు

ఫ్యూజు ఒకసారి పోతే మార్చాలి. రెండోసారీ పోతే కారణం వెతకాలి. ఫ్యూజు జబ్బు కాదు, జబ్బు ఉందని చెప్పే జ్వరం. సిగరెట్టు పెట్టెలో వెండి కాగితం చుట్టడం, రాగితీగ కట్టడం, పదికి బదులు ముప్ఫై ఆంపియర్ల ఫ్యూజు గుచ్చడం... ఇవన్నీ మన దగ్గర ‘తెలివితేటలు’గా చెలామణీ అవుతున్నాయి. అప్పుడు కాలాల్సిన ఫ్యూజు కాలదు. దాని బదులు వైరు కాలుతుంది. ఆ పైన బండి కాలుతుంది. బ్లేడు ఫ్యూజులకు రంగుల లెక్కుంది. ఎరుపు 10, నీలం 15, పసుపు 20, ఆకుపచ్చ 30 ఆంపియర్లు. ఏ రంగు తీస్తే ఆ రంగే పెట్టాలి.

పదిహేను, ఇరవై ఏళ్లలో బండి వైరింగుకు ఎన్ని అతుకులు పడి ఉంటాయో లెక్కలేదు. గట్టి హారన్, పొగమంచు దీపాలు, సెల్‌ఫోను ఛార్జరు... ఒక్కొక్కదానికీ ఒక్కొక్క టేపు చుట్ట! ఏళ్లు గడిచేకొద్దీ వేడికి టేపు జారిపోయి రాగి బయటపడుతుంది. పల్లెల్లో వీటికి తోడు ఎలుకలు. ధాన్యం బస్తాల పక్కన నెల్లాళ్లు కదలకుండా పెట్టిన వ్యానులో అవి కాపురమే పెడతాయి. ఏడాదికోసారి మంచి ఆటో ఎలక్ట్రీషియన్‌కు చూపించి, అక్కర్లేని అతుకులు పీకించి, కావాల్సినవాటికి రిలే, ఫ్యూజు పెట్టించడం దండగ ఖర్చు కాదు.

వేడెక్కితే తొందర పనికిరాదు

టెంపరేచర్ ముల్లు ఎర్ర గీత వైపు పోతుంటే బండిని పక్కన ఆపాలి. ఆపగానే రేడియేటరు మూత తీసేవాళ్లున్నారు. అది వంటింట్లో కుక్కరు మూతను ఆవిరి పోకుండా లాగడం లాంటిదే! లోపలున్నవి మామూలు వేణ్నీళ్లు కావు, ఒత్తిడిలో వంద డిగ్రీలు దాటి కాగుతున్న నీళ్లు. మూత వదులైతే మొహం మీదికి చిమ్ముతాయి. అరగంటైనా ఆగి, మందపాటి గుడ్డ వేసి, కొంచెం కొంచెంగా తిప్పాలి. సలసల కాగుతున్న ఇంజిన్‌లో చన్నీళ్లు గుమ్మరిస్తే హెడ్ పగిలే ప్రమాదం ఉంది.

చల్లబడ్డాక నీళ్ల మట్టం, గొట్టాల పగుళ్లు, ఫ్యాన్ తిరుగుతోందో లేదో చూడాలి. మన మెకానిక్కుల్లో కొందరు వేడెక్కే బండికి థర్మోస్టాట్ పీకేసి పంపుతారు. ‘మన ఎండలకు అదెందుకు సార్’ అంటారు. అది లేకపోతే ఇంజిన్ ఉండాల్సిన వేడికి చేరడం ఆలస్యమై పెట్రోలు ఎక్కువ తాగుతుంది, లోపల అరుగుదలా పెరుగుతుంది. పోయిన థర్మోస్టాట్ బదులు కొత్తది పెట్టించుకోవాలి. రేడియేటరులో బోరునీళ్లు పోయడం కూడా అలాంటి అలవాటే. ఆ ఉప్పు, తుప్పు కలిసి సన్నటి దారుల్ని మూసేస్తాయి. కూలెంట్ పోయాలి. అది నీళ్లు త్వరగా మరగనివ్వదు, తుప్పు పట్టనివ్వదు.

పెట్రోలు వాసన వస్తే... ఆపాల్సిందే!

ఖర్చు లెక్క చూడకూడదన్న రెండు మినహాయింపుల్లో ఇదొకటి. చాలా కార్లలో ఇంజిన్ ముందుంటుంది, మనుషులు వెనకుంటారు. ఓమ్నిలో ఇంజిన్ మీదే మనుషులు కూర్చుంటారు. గొట్టం చిట్లి కారే పెట్రోలుకు కాలుతున్న సైలెన్సరు గొట్టం తోడైతే, మంట లేచేది కూర్చున్నవాళ్ల కిందే. కాబట్టి బండిలో పెట్రోలు వాసన వస్తే ‘ఇంటికెళ్లి చూద్దాం’ అనుకోకూడదు. ఇంజిన్ ఆపాలి, అందరినీ దించాలి, దూరంగా నిలబెట్టాలి.

ఈ జాగ్రత్త ఇప్పుడు మరింత అవసరం. ప్రస్తుతం బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది. ఓమ్ని తయారైన రోజుల్లో దాని రబ్బరు గొట్టాలను ఇంత ఇథనాల్ కోసం తయారుచేయలేదు. పాత వాహనాల్లో కొన్ని రబ్బరు భాగాలు, గాస్కెట్లు 20 వేల నుంచి 30 వేల కిలోమీటర్లు తిరిగాక మార్చాల్సి రావచ్చని కేంద్ర పెట్రోలియం శాఖే 2025 ఆగస్టులో చెప్పింది. పదేళ్లనాటి పెట్రోలు గొట్టాన్ని వేళ్లతో నొక్కితే గట్టిపడి, సన్నటి పగుళ్లు కనిపిస్తాయి. అలాంటివన్నీ ఇథనాల్‌ను తట్టుకునే రకంతో, కొత్త క్లిప్పులతో సహా మార్పించుకోవాలి. బండి మొత్తం మీద అంత తక్కువ ఖర్చుతో అంత పెద్ద ప్రమాదాన్ని తప్పించే పని ఇంకోటి లేదు.

గ్యాస్ కిట్టు ఉన్న వ్యానైతే అది ఆర్‌సీలో నమోదై ఉండాలి. ఎల్పీజీ ట్యాంకుకు అయిదేళ్లకోసారి పరీక్ష చేయించాలి. వంటింటి సిలిండరు పెట్టి నడపడం చట్టవిరుద్ధమే కాదు, పిల్లల్ని బాంబు పక్కన కూర్చోబెట్టడం. బడి వ్యాన్ మాట్లాడుకునే తల్లిదండ్రులు నెల జీతం ఎంతని అడిగేముందు వెనక సీటు కింద ఏముందో ఒకసారి వంగి చూడటం మంచిది.

బ్రేకులు, చప్పుళ్లు

రెండో మినహాయింపు బ్రేకులు. పెడల్ మెత్తగా స్పాంజిలా ఉంటే లోపల గాలి చేరింది. తొక్కి పట్టుకుంటే మెల్లగా కిందికి దిగిపోతుంటే మాస్టరు సిలిండరు సీళ్లు పోయాయి, లేదా ఎక్కడో కారుతోంది. తొక్కగానే బండి ఒక పక్కకు లాగుతుంటే రెండో పక్క బ్రేకు పట్టడం లేదు. వెనక చక్రం లోపలివైపు తడి మరక కనిపిస్తే వీల్ సిలిండరు కారుతున్నట్టు. వీటిలో ఏది కనిపించినా బండి మెకానిక్కు దగ్గరికి వెళ్లకూడదు. మెకానిక్కే బండి దగ్గరికి రావాలి. బ్రేకు ఆయిలు గాలిలోని చెమ్మను పీలుస్తుంది కాబట్టి, మట్టం తగ్గకపోయినా రెండేళ్లకోసారి మార్పించాలి.

ఇక చప్పుళ్లు. క్లచ్ వదలగానే కింద ‘టంగ్’మంటే షాఫ్టు క్రాసులు అరిగాయి. వేగం పెరిగేకొద్దీ వెనక నుంచి ‘హూం’మని మూలుగు వస్తే క్రౌన్‌లో ఆయిలు తగ్గిందేమో, చక్రం బేరింగు పోయిందేమో చూడాలి. గుంతల్లో ‘కిర్రు కిర్రు’మంటే వెనక కమాను పట్టీల బుష్‌లు. ఎక్సలేటర్ తొక్కితే ఇంజిన్ అరుస్తోంది కానీ బండి వేగం అందుకోవడం లేదా? క్లచ్ ప్లేటు జారుతోంది. గేరు పడనంటుంటే మాత్రం గేరుబాక్సు విప్పేముందు క్లచ్ కేబుల్ సర్దించి చూడాలి.

నడుస్తుండగా ఆయిలు గుర్తు ఎర్రదీపం వెలిగితే చర్చ అక్కర్లేదు. అక్కడికక్కడే ఇంజిన్ ఆపాలి. మట్టం చూడకుండా మళ్లీ తాళం తిప్పకూడదు.

ఉంచుకోవాలా? వదిలేయాలా?

సొంత వాహనం రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లకు ముగుస్తుంది. తర్వాత తనిఖీ చేయించి అయిదేళ్లకోసారి పొడిగించుకోవాలి. రూ.600 ఉన్న ఈ రుసుమును కారులాంటి వాహనాలకు 2022 ఏప్రిల్ నుంచి రూ.5 వేలు చేశారు. ఇరవై ఏళ్లు దాటినవాటికి 2025 ఆగస్టులో రూ.10 వేలకు పెంచారు. కాబట్టి గడువు దగ్గరపడుతున్నప్పుడు ఓ కాగితం మీద లెక్క వేసుకోవాలి. ఇంజిన్, క్లచ్, వైరింగు... ఇవి డబ్బుతో బాగయ్యేవి. కింద నేలరేకు తుప్పుతో చిల్లులు పడి, సీటు బెల్టు బిగించే చోట ఇనుము పొడిలా రాలుతుంటే అది డబ్బుతో బాగయ్యేది కాదు. పైన ఎంత రంగు వేసినా గుద్దుకున్నప్పుడు ఆ రేకు కాపాడదు. అసలే ఓమ్నిలో డ్రైవరు మోకాళ్లకూ ఎదుటి బండికీ మధ్య ఒక్క రేకే అడ్డు. అలాంటి బండిని ఊళ్లో ఇంకొకరికి అంటగట్టకుండా, గుర్తింపు ఉన్న స్క్రాప్ కేంద్రానికి ఇచ్చి డిపాజిట్ సర్టిఫికెట్ తీసుకుంటే బండి పేరు రికార్డుల్లోంచీ పోతుంది.

బాడీ గట్టిగా ఉన్న బండికి మాత్రం ఇంకా భయం లేదు. సామాను దొరుకుతుంది. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల ఓమ్నిని కళ్లు మూసుకుని విప్పి బిగించగల చేతులున్నాయి. కావాల్సిందల్లా యజమాని కళ్లు తెరుచుకుని ఉండటమే.

ఆదివారం అరగంట...

* ఇంజిన్ ఆపి పది నిమిషాలయ్యాక, చదునైన చోట ఆయిలు పుల్ల తీసి మట్టం చూడాలి.
* చల్లటి ఇంజిన్‌లో కూలెంట్, బ్రేకు ఆయిలు మట్టాలు చూడాలి. తగ్గితే నింపడం ఒక్కటే కాదు, ఎక్కడ కారిందో వెతకాలి.
* రాత్రి ఆపిన చోట పాత అట్టముక్క పరిచి ఉంచాలి. పొద్దున దాని మీద మరక నల్లగా ఉంటే ఆయిలు, రంగునీళ్లయితే కూలెంట్, వెనక చక్రం దగ్గరైతే బ్రేకు ఆయిలు కావచ్చు.
* టైర్లలో గాలి చూడాలి. గీతలు బాగున్నా పక్కల పగుళ్లుంటే టైరు ముసలిదైనట్టే. స్టెప్నీనీ మరవకూడదు.
* ఒకరు లోపల కూర్చుని బ్రేకు, ఇండికేటర్లు వేస్తుంటే ఇంకొకరు వెనక నిలబడి లైట్లు చూడాలి. ఈ పని పిల్లలకు అప్పగిస్తే సరదాగా చేస్తారు.
* బండిలో ఎప్పుడూ ఉండాల్సినవి: రంగురంగుల ఫ్యూజులు, టార్చిలైటు, జంపర్ వైర్లు, ఓ బెల్టు, రెండు పానాలు, గడువు దాటని చిన్న అగ్నిమాపక సిలిండరు.
* ఓ నోటుపుస్తకం కూడా. ఏ తేదీన, ఎన్ని కిలోమీటర్ల దగ్గర, ఏం మార్చారో ఒక్కో గీత రాసుకుంటే చాలు. ఈసారి ఎవరైనా ‘బ్యాటరీ పోయింది సార్, మార్చేయండి’ అంటే... అది ఎప్పుడు మార్చిందో పుస్తకమే చెబుతుంది!